ఎగిరిపోయిన స్ప్రింగు

టక్‌మని చిన్న చప్పుడైంది. గువ్వ చెంప పక్కనుంచి ఏదో రివ్వున దూసుకుపోయింది.

స్క్రూడ్రైవర్ పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఎదురుగా టేబుల్ మీద తాతయ్య రీలు ఉంది. దాని పక్కభాగంలో చిన్న గుంట ఒకటి బోసిగా కనిపిస్తోంది. ఇంతసేపూ ఆ గుంటలో ఒక స్ప్రింగు ముడుచుకుని కూర్చుంది. స్క్రూ వదులు కాగానే దానికి రెక్కలొచ్చాయి.

రీలంటే చేపలు పట్టే గాలం కర్రకు బిగించే చిన్న యంత్రం. హ్యాండిల్ తిప్పితే నైలాన్ దారం దానికి చుట్టుకుంటుంది. తాతయ్య రీలు చాలా పాతది. అమ్మ ఫ్రాకులు వేసుకునే రోజుల్లో కొన్నదట. నల్లరంగు అరిగిపోయి అంచులన్నీ మెరుస్తుంటాయి. ఈమధ్య హ్యాండిల్ తిప్పితే గరగరమంటోంది. మధ్యమధ్యలో బిగుసుకుపోతోంది కూడా.

ఈ ఆదివారానికి ఎలాగో దీంతోనే నెట్టుకొస్తానని, ఆ తర్వాత ఇద్దరం కూర్చుని విప్పి చూద్దామని తాతయ్య చెప్పాడు. తను పక్కన లేకుండా మాత్రం దాన్ని ముట్టుకోవద్దని కూడా చెప్పాడు. గువ్వ బుద్ధిగా తలూపింది. కానీ ఇవాళ శనివారం. బడి ఒంటిపూటే. అమ్మ తాతయ్యను కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఇల్లంతా ఖాళీ. వాళ్లు తిరిగొచ్చేలోపు రీలు బాగుచేసి, తాతయ్య చేతిలో పెట్టి, ఆయన ముఖం చూడాలనిపించింది.

అందుకే చేతికి అందిన మొదటి స్క్రూ విప్పింది.

గువ్వ నేలమీద బోర్లా పడుకుని టేబుల్ కింద వెతికింది. బీరువా వెనక టార్చి వేసి చూసింది. చెప్పుల స్టాండు మొత్తం దులిపింది. చీపురుతో గదంతా ఊడ్చింది. ఒక చొక్కా గుండీ, పెన్సిల్ ముక్క, ఎప్పుడో పోయిందనుకున్న హెయిర్‌క్లిప్పు దొరికాయి. స్ప్రింగు తప్ప అన్నీ దొరికాయి.

గేటు కిర్రుమంది.

గువ్వ ఒక్క ఉదుటున టేబుల్ దగ్గరికి పరిగెత్తింది. విప్పిన భాగాన్ని మళ్లీ దాని చోట పెట్టి, స్క్రూ బిగించింది. చేతులు చెమటతో జారుతున్నాయి. రీలు ముందు అర్ధచంద్రంలా వంగిన ఒక కమ్మి ఉంటుంది. ఇందాకటిదాకా అది తన చోట గట్టిగా నిలబడేది. ఇప్పుడు ఊడబోయే పన్నులా అటూ ఇటూ ఊగుతోంది. అయినా పైకి చూస్తే ఏ తేడా తెలియదు. గువ్వ రీలును గుడ్డసంచిలో వేసి, గోడమీది కొక్కేనికి తగిలించింది.

తాతయ్య అమ్మ భుజం పట్టుకుని లోపలికొచ్చాడు. డాక్టరు కళ్లలో చుక్కలు వేశాడట. సాయంత్రం దాకా అంతా మసకగానే కనిపిస్తుందట. ఆయన తడుముకుంటూ కుర్చీలో కూర్చుని, ఏం చేస్తున్నావే అని అడిగాడు.

"హోంవర్కు," అంది గువ్వ.

టేబుల్ మీద ఒక్క పుస్తకం కూడా లేదు. ఆ సంగతి తాతయ్యకు కనిపించలేదు. మంచిదమ్మా, రాసుకో అన్నాడు.

గువ్వ గబగబా బ్యాగులోంచి ఒక పుస్తకం తీసి టేబుల్ మీద పెట్టింది.

* * *

తాతయ్య ఒకప్పుడు దుకాణాలకు బోర్డులు రాసేవాడు. వాళ్ల వీధిలో బేకరీ మీదా, సైకిల్ షాపు మీదా ఉన్న అక్షరాలు ఇప్పటికీ ఆయనవే. అవి చూస్తే అచ్చు గుద్దినట్టుంటాయి. రెండు మూడేళ్లుగా ఆయన చేతులు వణుకుతున్నాయి. వయసుతో వచ్చే వణుకేనని, ప్రమాదం లేదని డాక్టరు అన్నారు. కానీ కుంచె పట్టుకుంటే గీత వంకర పోతోంది. ఒకరోజు తాతయ్య కుంచెలన్నీ కడిగి, ఆరబెట్టి, కట్టగట్టి అటక మీద పెట్టేశాడు. ఆ తర్వాత ఆయనకు మిగిలింది చేపలు పట్టడమే.

ప్రతి ఆదివారం తెల్లవారగానే పోస్ట్‌మాన్ తాత వచ్చి గేటు తడతాడు. ఆయన ఉత్తరాలు పంచి రిటైరైన మనిషి. తాతయ్యకు పాత స్నేహితుడు. ఇద్దరూ కబుర్లాడుకుంటూ చెరువుకి వెళ్తారు. మధ్యాహ్నానికి చేపలతోనైనా వస్తారు, తప్పించుకున్న చేపల కథలతోనైనా వస్తారు. కథల్లో చేపలు మాత్రం చెప్పిన ప్రతిసారీ జానెడు పెరుగుతాయి.

ఆ ఆదివారం గువ్వ లేచేసరికి కొక్కెం ఖాళీగా ఉంది.

పళ్లు తోముకుంటున్నా ధ్యాసంతా గేటు మీదే. టిఫిన్ తింటున్నా చెవులు గేటు వైపే. ఆ స్ప్రింగు పెద్ద ముఖ్యమైనది కాదేమో, అది లేకపోయినా రీలు తిరుగుతుందేమో అని తనకు తానే చెప్పుకుంది. ఎంత చెప్పుకున్నా టిఫిన్ సగంలోనే వదిలేసింది.

వాళ్లు చాలా తొందరగా వచ్చేశారు. బుట్ట ఖాళీగా ఉంది. కథలూ లేవు. ఎప్పుడూ వీధి చివరనుంచే వినిపించే పోస్ట్‌మాన్ తాత గొంతు ఇవాళ వాకిట్లోకి వచ్చినా వినిపించలేదు.

అమ్మ మంచినీళ్లిచ్చి, ఏమైంది నాన్నా అని అడిగింది.

తాతయ్య నెమ్మదిగా చెప్పాడు. గాలం విసరాలంటే ముందు ఆ కమ్మిని వెనక్కి ఎత్తాలి. అప్పుడు దారం అడ్డు లేకుండా నీళ్లలోకి పరిగెడుతుంది. ఆ తర్వాత హ్యాండిల్ తిప్పగానే కమ్మి టక్‌మని మూసుకుని దారాన్ని పట్టుకోవాలి. ఇవాళ కర్ర విసురుతుండగా మధ్యలోనే కమ్మి మూసుకుపోయింది. దారం పుటుక్కున తెగింది. ఎరా, నీళ్లమీద తేలే బెండూ ఎగిరి చెరువు మధ్యలో పడ్డాయి. రెండోసారి విసిరితే కమ్మి అసలు మూసుకోలేదు. దారమంతా కాళ్ల దగ్గర పిచ్చుకగూడులా చుట్టుకుపోయింది.

"రీలు కూడా ముసలిదైపోయింది కదరా," అన్నాడు పోస్ట్‌మాన్ తాత.

"మొన్న ఆదివారం దాకా పనిచేసిన రీలు ఒక్కసారిగా పాడవుతుందా?" తాతయ్య తన చేతుల వంక చూసుకున్నాడు. "విసిరేటప్పుడు నా చెయ్యే వణికి కమ్మికి తగిలుంటుంది. పాడైంది రీలు కాదు, నేను."

గువ్వ తలుపు వెనక నిలబడి ఉంది. తలుపు చెక్కను గోళ్లతో గట్టిగా పట్టుకుంది.

తాతయ్య కర్రా రీలూ పోస్ట్‌మాన్ తాతను తీసేసుకోమన్నాడు. ఆయన మనవడు ఎప్పటినుంచో గాలం నేర్పమని వెంటపడుతున్నాడు కదా, కుర్రాడికి పనికొస్తాయి అన్నాడు. పోస్ట్‌మాన్ తాత వద్దంటే వద్దన్నాడు. తాతయ్య వినలేదు. చివరికి, వచ్చే ఆదివారం వచ్చి తీసుకెళ్తాలే, ఈలోపు మనసు మారితే చెప్పు అని ఆయన వెళ్లిపోయాడు.

గువ్వ బాత్రూంలోకి వెళ్లి కుళాయి తిప్పింది. నీళ్ల చప్పుడులో తన ఏడుపు తనకే వినిపించలేదు.

ఇప్పుడే వెళ్లి చెప్పేస్తే? తాతయ్య కోప్పడతాడు. అమ్మ ఇంకా కోప్పడుతుంది. అసలు ముట్టుకోవద్దన్నాడు కదా. దానిమీద హోంవర్కు అని అబద్ధం కూడా ఆడింది. చెప్పకపోతే? ఎవరికీ తెలియదు. అందరూ చేతుల వణుకే అనుకుంటున్నారు. తనను ఎవరూ ఒక్క మాట కూడా అడగరు.

అడగరు అన్న ఆలోచన రాగానే హాయిగా అనిపించాలి. గువ్వకు మాత్రం అనిపించలేదు.

* * *

ఆ వారం ఇంట్లో చిన్న చిన్న మార్పులు మొదలయ్యాయి.

తాతయ్య టీ తనే కప్పులో పోసుకునేవాడు. ఒలికితే తనే తుడుచుకునేవాడు. ఇప్పుడు అమ్మను పొయ్యమంటున్నాడు. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి ఎంతసేపు పట్టినా ఎవరినీ పిలిచేవాడు కాదు. ఇప్పుడు అమ్మ ముందు చంటిపిల్లాడిలా నిలబడుతున్నాడు. పేపరు చదివేటప్పుడు తప్ప చేతులు రెండూ చంకల్లో దాచుకుంటున్నాడు.

కుళాయి వాషరు అరిగి నీళ్లు కారుతుంటే, వారం ముందైతే తాతయ్యే రెంచి తీసేవాడు. ఇప్పుడు మేస్త్రీని పిలిపించమన్నాడు.

"నాన్న మరీ డీలా పడిపోయాడు," అని అమ్మ ఫోన్లో పిన్నితో చెబుతుంటే గువ్వ విన్నది. "చేతులకేం కాలేదు. నిన్నటి వణుకే ఇవాళా ఉంది. మనిషికే నమ్మకం పోయింది."

బడిలో గువ్వ పక్కన కూర్చునే పిల్ల పెన్నును టిక్కు టిక్కుమని నొక్కుతూ ఉంటుంది. ఆ చప్పుడు వింటే గువ్వకు లెక్కలు బుర్రకెక్కడం లేదు. టీచరు బోర్డు దగ్గరికి పిలిస్తే చాక్‌పీసు పట్టుకుని ఊరికే నిలబడింది. ఒంట్లో బాలేదా అని టీచరు మెల్లగా అడిగారు. గువ్వ తల అడ్డంగా ఊపింది. తన సీటులోకి వచ్చి కూర్చుని, పక్కపిల్ల పెన్ను వంక అలాగే చూసింది.

పెన్నులో స్ప్రింగు ఉంటుంది.

సాయంత్రం బడినుంచి వస్తుండగా ఆ ఆలోచన గట్టిపడింది. తన పెన్నులోని స్ప్రింగు తీసి, ఎవరూ చూడకుండా రీల్లో పెట్టేస్తే సరి. తాతయ్యను ఒక్కసారి తిప్పి చూడమంటే చాలు. రీలు టక్‌మంటుంది. తన చేతులు బాగానే ఉన్నాయని ఆయనకు తెలుస్తుంది. చెప్పాల్సిన అవసరమే ఉండదు.

రెండ్రోజులు వీలు చిక్కలేదు. శుక్రవారం సాయంత్రం అమ్మ ఇంకా మందుల షాపులో డ్యూటీలో ఉంది. తాతయ్య వరండాలో కునుకు తీస్తున్నాడు. గువ్వ పిల్లిలా నడిచి కొక్కెం మీది సంచి దించింది.

పెన్ను స్ప్రింగు చాలా పొడుగ్గా ఉంది. గుంటలో సగమే దిగింది. బొటనవేలితో నొక్కి పట్టుకుని, రెండో చేత్తో భాగాన్ని మూయబోయింది. స్ప్రింగు పక్కకు వంగి బయటికొచ్చింది. మళ్లీ నొక్కింది. మళ్లీ జారింది. వరండాలో కుర్చీ చప్పుడైనట్టు అనిపించింది. గువ్వ చేతులు వణకసాగాయి. ఎంత ఆపుదామన్నా ఆగడం లేదు. స్క్రూ చేతిలోంచి జారి టేబుల్ మీద దొర్లింది.

"ఏం చేస్తున్నావే?"

తాతయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

తాతయ్య టేబుల్ వైపు చూశాడు. రీలూ, స్క్రూడ్రైవరూ, పక్కన పడేసిన తుడుపుగుడ్డా కనిపించాయి. ఆయన ముఖం మెత్తబడింది.

"ఆ కుర్రాడికిచ్చే ముందు తుడిచి పెడుతున్నావా? మంచిపని. దుమ్ము పట్టిన వస్తువు ఇస్తే ఏం బాగుంటుంది."

గువ్వ అవునన్నట్టు తలూపితే చాలు. తాతయ్య మళ్లీ వెళ్లి కుర్చీలో వాలిపోతాడు. ఆదివారం రీలు పోస్ట్‌మాన్ తాత ఇంటికి వెళ్లిపోతుంది. అక్కడితో అంతా అయిపోతుంది.

తాతయ్య చేతులు చంకల్లోనే ఉన్నాయి.

"కాదు తాతయ్యా," అంది గువ్వ. "నీ చేతులు కాదు తాతయ్యా. నేనే."

తాతయ్యకు అర్థం కాలేదు. గువ్వ చెప్పింది. ముందు మాటలు వెనకా, వెనకమాటలు ముందూ అయిపోయాయి. కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లిన రోజు అని మొదలుపెట్టి, స్ప్రింగు ఎగిరిపోవడం, చెప్పుల స్టాండు దులపడం, హోంవర్కు అని అబద్ధమాడటం, తలుపు వెనకనుంచి అంతా వినడం, అన్నీ చెప్పేసింది. చెబుతున్నంతసేపూ నేలవైపే చూసింది.

తాతయ్య వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. రీలు చేతిలోకి తీసుకుని కమ్మిని వేలితో కదిపాడు. అది వదులుగా ఊగింది. చాలాసేపు దాన్ని అలా కదుపుతూనే ఉన్నాడు.

"వద్దన్నా విప్పావు. దానికి నాకు కోపంగానే ఉంది," అన్నాడు చివరికి. "కానీ గువ్వా, ఈ వారమంతా నన్ను చూస్తూనే ఉన్నావు కదా. చూస్తూ ఎలా ఊరుకున్నావమ్మా?"

గువ్వ కళ్లనుంచి నీళ్లు జారి కాలివేళ్ల మీద పడ్డాయి.

తాతయ్య లేచి వరండాలోకి వెళ్లిపోయాడు. గువ్వ ఉన్నచోటే నిలబడిపోయింది. వెంట వెళ్లాలో, ఇక్కడే ఉండాలో తెలియలేదు. తాతయ్య ఇక తనతో మాట్లాడడేమో. అమ్మ వచ్చాక ఏమవుతుందో. వరండాలోంచి ఏ చప్పుడూ లేదు. అంతకంటే తాతయ్య గట్టిగా తిట్టేసినా బాగుండుననిపించింది.

కాసేపటికి అడుగుల చప్పుడు వినిపించింది. తాతయ్య కళ్లజోడు పెట్టుకుని వచ్చాడు. చేతిలో పాత పేపరు ఉంది.

"ముందు ఇది పరుచు," అన్నాడు. "విప్పిన స్క్రూ విప్పినట్టు ఈ పేపరు మీద వరసగా పెట్టాలి. ఏదైనా ఎగిరినా పేపరు మీద కనిపిస్తుంది. ఆ ముఖం కడుక్కునిరా, పో."

* * *

ముందు ఆ గరగర ఎక్కడిదో కనుక్కోవాలన్నాడు తాతయ్య.

దారం చుట్టి ఉన్న గిన్నెలాంటి భాగాన్ని ఊడదీసి పక్కన పెట్టించాడు. ఇప్పుడు హ్యాండిల్ తిప్పమన్నాడు. గువ్వ తిప్పింది. గరగరమంది. అయితే గోల గిన్నెది కాదు. తర్వాత హ్యాండిల్ మర వదులు చేసి, మళ్లీ బిగించి తిప్పించాడు. అదీ కాదు. అప్పుడు స్క్రూడ్రైవర్ మొనను రీలు పొట్టకు ఆనించి, పిడిని చెవికి ఆనించుకోమన్నాడు.

గువ్వ అలాగే చేసింది. ఆయన హ్యాండిల్ తిప్పాడు. చప్పుడు స్క్రూడ్రైవర్‌లోంచి పాకి సరిగ్గా చెవిలోకి వచ్చింది. డాక్టరు గొట్టంతో గుండె విన్నట్టుంది. ముందు భాగంలో మామూలుగా ఉంది. పొట్ట మధ్యలో ఎవరో ఇసుక నములుతున్నట్టుంది.

"ఇక్కడ," అంది గువ్వ.

"మరి నువ్వు విప్పింది ఎక్కడ?"

గువ్వ తలొంచుకుని కమ్మి దగ్గరి స్క్రూ చూపించింది. తాతయ్య రీలు పొట్ట మూత స్క్రూలు విప్పమన్నాడు.

లోపల పళ్లచక్రాలు ఉన్నాయి. వాటి మధ్య పాత గ్రీజు మైనంలా గట్టిపడిపోయింది. అందులో సన్నటి ఇసుక. గువ్వ పాత టూత్‌బ్రష్షు కిరసనాయిల్లో ముంచి పంటికీ పంటికీ మధ్య తోమింది. తొందరపడ్డప్పుడల్లా తాతయ్య గొంతు సవరించుకునేవాడు. ఆమె చెయ్యి నెమ్మదించేది. చక్రాలు ఇత్తడి రంగులో బయటపడ్డాయి. కొత్త గ్రీజు రాసి మూత బిగించి తిప్పితే, హ్యాండిల్ వెన్నలో వేలు పెట్టినట్టు తిరిగింది.

ఇక స్ప్రింగు మిగిలింది. గువ్వ పెన్ను స్ప్రింగును కత్తిరించి గుంటలో సరిపెట్టారు. కమ్మి నిద్రమత్తులో ఉన్నట్టు సగం దాకా వచ్చి ఆగిపోయింది. తీగ మరీ సన్నం. టార్చిలోని స్ప్రింగు మరీ లావు. గుంటలోకే పోలేదు. ఇద్దరూ ఇల్లంతా చూపులతో గాలించారు.

అప్పుడే అమ్మ వచ్చింది. ఆమె హ్యాండ్‌బ్యాగు జేబుకు షాపులో వాడే లావుపాటి పెన్ను తగిలించి ఉంది. గువ్వ చూపు దానిమీద ఆగిపోయింది. కానీ ముందు అమ్మకు సంగతి చెప్పాలి. రెండోసారి చెప్పడం మొదటిసారికంటే తేలికేమీ కాలేదు. అమ్మ ముఖం ఎర్రబడింది. ఏదో అనబోయింది. తాతయ్య చిన్నగా చెయ్యెత్తాడు. అమ్మ పెదాలు బిగించి ఆగింది.

"అమ్మా, నీ పెన్ను విప్పనా?" అని గువ్వ అడిగింది. "విప్పితే మళ్లీ పనిచెయ్యదు."

అమ్మ పెన్ను వైపు చూసింది. తాతయ్య చేతుల వైపు చూసింది. అవి చంకల్లో లేవు. పేపరు మీద, స్క్రూల మధ్య ఉన్నాయి. ఆమె పెన్ను తీసి గువ్వ చేతిలో పెట్టింది. రిఫిల్ మాత్రం తనకిచ్చెయ్యమంది, కాగితం చుట్టుకుని రాసుకుంటానంది.

ఆ స్ప్రింగు తీగ గట్టిది. తగినంత కత్తిరించారు. ఇప్పుడు దాన్ని నొక్కిపట్టి మూయాలి. గువ్వ రెండుసార్లు ప్రయత్నించింది. రెండుసార్లూ అది పేపరు మీదికి ఎగిరింది. మూడోసారి చెయ్యి చాపబోతుంటే తాతయ్య ఇలా ఇవ్వు అన్నాడు.

గువ్వ భయంగా ఆయన వేళ్ల వైపు చూసింది. అవి వణుకుతూనే ఉన్నాయి. తాతయ్య ఆమె స్కేలు తీసుకుని, ఒక చివర పుస్తకం మీద ఆనించి, దానిమీద మణికట్టు మోపాడు. బోర్డులు రాసేటప్పుడు పొడవాటి కర్ర మీద ఇలాగే చెయ్యి ఆనించుకునేవాడినని చెప్పాడు. మణికట్టు కుదురుకుంది. వేలికొసల దగ్గర మాత్రం సన్నటి వణుకు మిగిలింది. ఆయన ఊపిరి బిగబట్టాడు. గువ్వా బిగబట్టింది. స్ప్రింగు గుంటలోకి దిగింది. తాతయ్య బొటనవేలు దాన్ని నొక్కిపట్టింది.

"స్క్రూ," అన్నాడు పళ్ల బిగువున.

గువ్వ స్క్రూ బిగించింది.

తాతయ్య కమ్మిని వెనక్కి ఎత్తాడు. అది నిలబడింది. హ్యాండిల్ తిప్పాడు.

టక్.

ఆయన మళ్లీ ఎత్తాడు, మళ్లీ తిప్పాడు. టక్. అమ్మ కొంగుతో కళ్లద్దుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ రాత్రి తాతయ్య టీ తనే పోసుకున్నాడు. సాసర్‌లో కొంచెం ఒలికింది. తనే తుడుచుకున్నాడు.

* * *

ఆదివారం గువ్వ కూడా చెరువుకి వెళ్లింది.

రీలు ఇవ్వడం లేదని తాతయ్య చెబితే, పోస్ట్‌మాన్ తాత ఊపిరి పీల్చుకున్నాడు. మనవడికి అప్పుడే వేరే కర్ర చూశాడట. రీలు సంగతి గువ్వ తనే చెబుతుందన్నాడు తాతయ్య. దారిలో ఆమె చెప్పింది. పోస్ట్‌మాన్ తాత విని ఊఁ అన్నాడు. అది మంచి ఊఁ యో, చెడ్డ ఊఁ యో గువ్వకు తెలియలేదు.

తాతయ్య మొదటిసారి విసిరితే గాలం పది అడుగుల దూరంలోనే పడింది. గువ్వ కంగారుగా రీలు వంక చూసింది.

"రీలు బాగుంది. ఈసారి మాత్రం తప్పు నా చేతిదే," అని ఆయన నవ్వేశాడు. మళ్లీ విసిరాడు. ఈసారి దారం సుయ్‌మంటూ సాగింది. బెండు దూరంగా నీళ్లమీద కూర్చుంది. కమ్మి టక్‌మంది.

పెద్దవాళ్లిద్దరూ బెండు మీద చూపు నిలిపారు. మంచినీళ్ల సీసా అందుకుందామని గువ్వ వెనక్కి జరిగింది. మడమకు ఏదో తగిలింది. పోస్ట్‌మాన్ తాత గాలాల డబ్బా. అది రాతిమీద ఒరిగి, మూత తెరుచుకుని, లోపలి కొక్కేలు గడ్డిలోకి చెల్లాచెదురయ్యాయి. ఒకటి రెండు బుడుంగుమని నీళ్లలోకి పోయాయి.

ఎవరూ వెనక్కి తిరగలేదు. బెండు కదులుతోందని పోస్ట్‌మాన్ తాత గుసగుసలాడుతున్నాడు.

గడ్డిలోవి ఏరి డబ్బాలో వేసి మూత పెట్టేస్తే మళ్లీ మామూలుగానే ఉంటుంది. ఆయన ఇందాక అన్న ఊఁ గుర్తొచ్చింది. ఇప్పుడు ఇదొకటి. ఈ పిల్లకు చేతులు కుదురుగా ఉండవా అనుకుంటాడు. ఇంకోసారి చెరువుకి రానివ్వరేమో.

గువ్వ ఖాళీ డబ్బాను రెండు చేతులతో పట్టుకుని, వాళ్ల మధ్యకు వెళ్లి నిలబడింది.

"తాతా, మీ డబ్బా తన్నేశాను. చూసుకోలేదు. కొన్ని నీళ్లలోకి పోయాయి. మిగతావి గడ్డిలో ఉన్నాయి."

పోస్ట్‌మాన్ తాత తల తిప్పి డబ్బా వైపు చూశాడు. తర్వాత గువ్వ ముఖం వైపు చాలాసేపు చూశాడు. తాతయ్య మాత్రం నీళ్లవైపే చూస్తున్నాడు.

"చెప్పులు విప్పకు, గుచ్చుకుంటాయి," అన్నాడు పోస్ట్‌మాన్ తాత, మోకాళ్ల మీద చేతులు ఆనించి లేస్తూ. "అటువైపు నుంచి నువ్వు ఏరు. ఇటువైపు నుంచి నేను."